నలభై ఒక్క గడులు

కార్తీక బహుళ పాడ్యమి

పోటు 2.1 మీటర్లు. ఆరు: 118. ముప్పై ఆరు: 117. బ్యాటరీ: తెరకు 70 నిమిషాలు.

పాత పుస్తకం నిన్నటితో నిండింది. ఇది నా దగ్గర మిగిలిన ఆఖరి తెల్ల పుస్తకం. మొదటి పుటలో రాయవలసినవి రాస్తున్నాను.

నా పేరు మాణిక్యాంబ. వయసు డెబ్బై ఒకటి. కట్ట మీద పంపుహౌసు బాధ్యత ముప్పై నాలుగేళ్లుగా నాది. కట్టకు తూర్పున సముద్రం, పడమట మేము. పోటు వేళ సముద్రం మా గడపల కన్నా మనిషెత్తు పైన ఉంటుంది. కట్ట పొడవు నాలుగు కిలోమీటర్లు. దాని పొట్టలోకి నూరు మీటర్లకొకటి చొప్పున నలభై ఒక్క ఊట గొట్టాలు దించి ఉన్నాయి. కట్టలోకి ఎంత నీరు ఊరితే గొట్టంలో అంత ఎత్తున నిలుస్తుంది. దక్షిణాన లాకు దగ్గరిది ఒకటో నంబరు, ఉత్తరాన ఉప్పుమళ్ల దగ్గరిది నలభై ఒకటి. పంపుహౌసు నడిమధ్యన, ఇరవై ఒకటో గొట్టం పక్కన ఉంది.

గొట్టాల తీగలు పంపుహౌసులోని యూనిక్స్‌తో నడిచే పాత కంప్యూటరు యంత్రానికి వస్తాయి. అది గంటకొకసారి నలభై ఒక్క అంకెలు దాచుకుంటుంది. రోజూ ఉదయం నేను తెర వెలిగించి ఆ అంకెలను పుస్తకంలోకి ఎక్కిస్తాను. అంకె సెంటీమీటర్లలో. నూట అరవై దాటిన చోట కట్ట మెత్తబడుతుంది.

పంపు నడిపేది నా మనవరాలు నూకరత్నం. ఇరవై ఆరేళ్లు. పనిమంతురాలు. అక్షరం రాదు. కట్ట వెనక బతుకుతున్న ఆరువందల పదకొండు మందిలో చదవగలిగినది నేనొక్కతెనే. పలుకుపెట్టెలు ఉన్నన్నాళ్లూ ఏ కాగితం చూపినా అవే చదివి వినిపించేవి గనుక రెండు తరాలు నేర్చుకోలేదు. పెట్టెలు మూగబోయి పంతొమ్మిదేళ్లు. ఇప్పటికీ ఎవరూ నేర్చుకోవటం లేదు.

బహుళ తదియ

పోటు 2.2. ఆరు: 124. ముప్పై ఆరు: 124. బ్యాటరీ: 65 నిమిషాలు.

మిగిలిన ముప్పై తొమ్మిది గొట్టాలూ నూరు లోపే ఉన్నాయి. ఆరు, ముప్పై ఆరు మాత్రం జంటగా ఎక్కుతున్నాయి. ఆరు దక్షిణపు వాడ లాకువాడ వెనక, ముప్పై ఆరు ఉత్తరపు వాడ ఉప్పుమళ్ల వెనక. రెండు వాడల నడుమ అడ్డగట్టు ఉంది, ఒకటి మునిగినా రెండోది మునగదు. రెండు చోట్లా కట్ట సముద్రం వైపు వంపు తిరుగుతుంది, అలల దెబ్బ రెంటికీ ఒకటే. అమావాస్య పోటుకు తుపాను గాలి తోడైతే రెంటిలో ఒకటి పోతుంది.

మట్టి సంచులు 2,840 ఉన్నాయి. ఒక చోట అరవై మీటర్ల మేర కట్టను లోపలి నుంచి ఆనించటానికి సరిపోతాయి. రెండు చోట్ల సగం సగం వేస్తే రెండూ నిలవవు. ఈ లెక్క మూడుసార్లు చేశాను.

ఈ రోజు కట్ట పెద్ద మల్లాడి సింహాచలం పంపుహౌసు ముందు అందరినీ పిలిచాడు. అతనిది ఉప్పుమళ్లు.

"మామ్మగారూ, ఆరా, ముప్పయ్యారా, సెప్పాల్సింది మీరే. కానీ ఓ సిక్కుందండి," అన్నాడు.

"ఏమిటది?"

"ఆరు అని మీరంటే, కూతురు లాకువాడలో ఉంది గాబట్టి ఆరన్నారని మావోళ్లంటారు. ముప్పయ్యారంటే, నన్ను సూసి భయపడ్డారని లాకువాడోళ్లంటారు."

వెనక నుంచి నా కూతురు, నూకరత్నం తల్లి గవరమ్మ గొంతు వచ్చింది. ఏభై దగ్గర పడింది, గొంతు మాత్రం తగ్గలేదు. "నిజమే గదా! నువ్వు నోటితో సెప్తావు, మేం నమ్మాలి. ఆ పొత్తంలో ఏం రాసుకున్నావో నీకూ దేవుడికే ఎరిక. సూపించవే అమ్మా. కళ్లకి ఆనేట్టు సూపించు."

"చూపిస్తే అంకెలే ఉంటాయి. అవి నేర్చుకోమని నీకు ఏడేళ్లప్పుడు కూర్చోబెట్టాను."

"కూకోబెట్టావా? బెత్తం ఇరగ్గొట్టావు. అందుకే ఒక్కటీ ఎక్కలేదు."

పద్నాలుగు మంది నవ్వారు. బెత్తం విరిగిన మాట నిజం. నేను కాదనలేదు.

యంత్రంలో బొమ్మలు చూపే ఏర్పాటు ఒకటి ఉందని నీటిపారుదల శిక్షణాలయంలో చెప్పారు. ఇన్నేళ్లలో నాకు అవసరం పడలేదు. అది చదవలేనివారి కోసం అనుకునేదాన్ని. ఇప్పుడు చదవలేనివారే ఎదుట కూర్చున్నారు. అమావాస్య లోగా నలభై ఒక్క గొట్టాలనూ నలభై ఒక్క గడులుగా తెర మీద గీసి చూపిస్తానని మాట ఇచ్చాను. నూట ఇరవై లోపు ఆకుపచ్చ, ఆపైన పసుపు, నూట అరవై దాటితే ఎరుపు. ఎర్రబడిన గడి ఏ వాడ వైపు ఉంటే ఆ వాడకు సంచులు. నడుమ నా నోటితో పని లేదు.

బహుళ చవితి

పోటు 2.2. ఆరు: 126. ముప్పై ఆరు: 127. బ్యాటరీ: 60 నిమిషాలు.

బొమ్మ గీసే ఏర్పాటు డిస్కులోనే ఉంది, కానీ తనంతట తాను లేవదు. లోపల ఏ కార్డు ఉంది, ఎదుట ఏ తెర ఉంది, ఏ కీబోర్డు, ఏ మౌస్ అన్నది ఒక ఫైలులో వరుసగా రాసి దానికి చెప్పాలి. ఒక్క మాట తేడా వచ్చినా ఆగిపోతుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది.

మొదటిసారి మొదలుపెట్టగానే వచ్చిన జవాబు: స్క్రీన్లేవీ దొరకలేదు.

నూకరత్నానికి చదివి చెప్పాను. "ఇంత తెర మొకం ముందెట్టుకుని దొరకలేదంటదా? కళ్లద్దాలు కావాలేమో దీనికి కూడా," అంది.

తెర ఆర్పి, ఏం రాశానో కాగితం మీద సరిచూసుకున్నాను. కార్డు పేరు తప్పు రాశాను. వివరణ పుటలు యంత్రంలోనే ఉన్నాయి, మొత్తం అరవై రెండు. తెర వెలుగు ఖర్చవుతుంది గనుక అన్నీ చదవటానికి లేదు. మొదటి నాలుగు పుటలకు 'ప్రాథమిక విషయాలు' అని శీర్షిక ఉంది. అవి వదిలి ఐదో పుట నుంచి మొదలుపెట్టాను.

బహుళ షష్ఠి

పోటు 2.1. ఆరు: 128. ముప్పై ఆరు: 128. బ్యాటరీ: 55 నిమిషాలు.

ఈ రోజు తెరను పోగొట్టుకోబోయాం.

మాది పాతకాలపు గాజు తెర. లోపల ఒక కిరణం అడ్డంగా గీతలు గీస్తూ పోతుంది. క్షణానికి ఎన్ని వేల గీతలు గీయాలో ఫైలులో మనమే చెప్పాలి. ఆ తెర తట్టుకోగలిగిన హద్దులు వెనక రేకు మీద ఉంటాయి. ఉప్పుగాలి ఆ రేకును తినేసింది. 'ముప్పై నుంచి' వరకు స్పష్టంగా కనిపించింది, ఆ పక్కన ఉన్నది ఏభైయో ముప్పై ఐదో తెలియలేదు. హద్దు దాటితే లోపలి తీగచుట్ట కాలిపోతుంది. కట్ట మీద మరో తెర లేదు. అది పోతే బొమ్మతో పాటు అంకెలూ పోతాయి.

నలభై ఎనిమిది ఇచ్చాను. చెవిలో గుచ్చే సన్నటి ఈల వచ్చింది. తెల్లటి వంకర గీతలు పైకి పాకాయి. కాలిన లక్క వాసన. నూకరత్నం నా మాట కోసం చూడకుండా ప్లగ్గు లాగేసింది. మూడు సెకన్లు పట్టి ఉంటుంది.

"అడగకుండా ముట్టుకోకూడదని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాను.

"అడిగేలోగా అది సచ్చిపోద్ది, అమ్మమ్మా."

గంట చల్లారనిచ్చి మళ్లీ వెలిగిస్తే అక్షరాలు కనిపించాయి. నియమం తప్పినందుకు మందలించాను. తెరను కాపాడినందుకు మంచిపని చేశావన్నాను. రెండూ రాయటం న్యాయం.

బహుళ అష్టమి

పోటు 2.0. ఆరు: 129. ముప్పై ఆరు: 130. బ్యాటరీ: 55 నిమిషాలు.

ముప్పై ఒకటిన్నర ఇచ్చాను. ఈల లేదు. తెర ఒకసారి నల్లబడి, టక్కుమని చప్పుడు చేసి, బూడిదరంగులో వెలిగింది. అంచు నుంచి అంచు దాకా సన్నటి నేత. మధ్యలో అడ్డంగా రెండు గీతలు కలిసిన చిన్న గుర్తు. మౌస్ కదిపితే గుర్తు కదిలింది.

"ఇదేనా బొమ్మ? గోనెగుడ్డలా ఉంది," అంది నూకరత్నం. అయినా పావుగంట ఆ గుర్తును అటూ ఇటూ తిప్పింది. నేను ఆపలేదు. ఆపి ఉండవలసింది, పావుగంట బ్యాటరీ పోయింది.

ఒక లోపం గమనించాను. బొమ్మ నుంచి వెనక్కి అక్షరాలకు వస్తే తెర మీద చెదిరిన గీతలే తప్ప అంకెలు కనపడవు. ఎటు నుంచి ఎటు మారాలన్నా యంత్రం ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. దానికి తొమ్మిది నిమిషాలు. అంటే ఒక పూట బొమ్మైనా చూడాలి, అంకెలైనా చూడాలి. రెండూ కావాలంటే ఎండ బాగా ఉండాలి.

బహుళ నవమి

పోటు 2.0. ఆరు: 131. ముప్పై ఆరు: 131. బ్యాటరీ: 50 నిమిషాలు.

గడులు గీసే ప్రోగ్రాం రాశాను. ప్రతి గడి పక్కన గొట్టం నంబరు, పైన 'ఉత్తరం', కింద 'దక్షిణం' అని పెట్టాను. ఫాంటు తెరవలేకపోయానని యంత్రం ఆగిపోయింది. డిస్కులో ఫాంట్లు ఉన్న భాగం చెడిపోయింది. వెతగ్గా ఒక్కటే మిగిలింది. అందులో అక్షరాలు లేవు, అంకెలు లేవు. బాణాలు, చెయ్యి, గడియారం లాంటి మౌస్ గుర్తులే ఉన్నాయి. దానినే చూపి యంత్రాన్ని తృప్తి పరిచాను. నంబర్లు, దిక్కుల పేర్లు తీసేశాను. ఎలాగూ చదివేవారు లేరు.

"పోనీ పడవ బొమ్మో, లాకు గుమ్మటమో ఓ కొసన ఎయ్యి. ఏ కొస ఎవరిదో తెలుత్తాది," అంది నూకరత్నం.

"పటంలో పైన ఉత్తరం, కింద దక్షిణం. పుట్టిన దగ్గరి నుంచి కట్ట పటం గోడ మీద చూస్తూనే ఉన్నారు. పిల్లల ఆట కాదు ఇది," అన్నాను.

బహుళ ఏకాదశి

పోటు 2.2. ఆరు: 136. ముప్పై ఆరు: 135. బ్యాటరీ: 50 నిమిషాలు.

గడులు కనిపించాయి. తెర మధ్యన నిలువుగా నలభై ఒకటి, ఒకదాని మీద ఒకటి. రెండు కొసలకూ దగ్గరగా ఒక్కొక్క పసుపు గడి, మిగిలినవన్నీ ఆకుపచ్చ. ఆరు, ముప్పై ఆరు. అంకెలతో సరిపోలింది.

అంతటితో నమ్మటం నా పద్ధతి కాదు. పరీక్షించాలన్నాను.

"సైకిలేసుకుని సివరికంటా ఎల్లి ఒకటో గొట్టంలో నీళ్లు పోసొత్తాను. నువ్వు తెర సూసుకో," అంది నూకరత్నం.

రాను పోను గంట. అంతసేపు పంపు దగ్గర మనిషి ఉండడు. పంపు వదిలి వెళ్లకూడదన్నది నేను పెట్టిన నియమం. ముప్పై నాలుగేళ్లలో ఎవరికీ సడలించలేదు. వాకిట్లోనే గొట్టం ఉండగా చివరిదాకా వెళ్లనక్కర లేదన్నాను.

మధ్య గొట్టంలో రెండు బిందెల నీళ్లు పోయించాను. తెర మీద మధ్య గడి పసుపు అయింది. సరిపోయింది.

బహుళ త్రయోదశి

పోటు 2.5. ఆరు: 151. ముప్పై ఆరు: 150. బ్యాటరీ: 35 నిమిషాలు. నిన్నటి నుంచి మబ్బు.

తూర్పున ఆకాశం ఇత్తడి రంగులో ఉంది. గాలి మారింది. తుపాను ఖాయం.

సింహాచలం, గవరమ్మ, వాడకు ఐదుగురు చొప్పున పెద్దలు వచ్చి బొమ్మ చూశారు. లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు విప్పారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లే విప్పారు. గవరమ్మ తెరకు జానెడు దూరంలో నిలబడి చాలాసేపు చూసింది.

"రెండూ పసుపుగానే ఉన్నాయి. ఏది ఎర్రబడితే అదన్నమాట," అంది.

"అంతే."

"నువ్వు సెప్పక్కర్లేదన్నమాట."

"నేను చెప్పనక్కర లేదు."

అది నవ్వింది. "ఇన్నాళ్లకి ఓ మంచి పని సేసావే అమ్మా."

వాళ్లు వెళ్లాక యంత్రం ఆపి, మళ్లీ మొదలుపెట్టి అంకెలు రాసుకున్నాను. అవే పైన ఉన్నవి. తుపానుకు ముందు నేను ఎత్తి రాసుకున్న ఆఖరి అంకెలు ఇవి అవుతాయని అప్పుడు అనుకోలేదు. ఈ చివరి వాక్యం తరువాత చేర్చాను. తేదీ: మార్గశిర శుద్ధ తదియ.

బహుళ చతుర్దశి

పోటు 2.9. అంకెలు రాయలేదు. బొమ్మ చూశాం. బ్యాటరీ: 22 నిమిషాలు, వాడకం తరువాత 4.

ఉదయం ఎనిమిదింటికి అందరూ వచ్చారు. వాన ఏటవాలుగా కొడుతోంది. యంత్రం లేవటానికి తొమ్మిది నిమిషాలు.

గడులు వచ్చాయి. కింది కొస దగ్గర పసుపు. పై కొస దగ్గర ఎరుపు.

అంటే ముప్పై ఆరు. అంటే ఉప్పుమళ్లు. నా కూతురి వాడ కాదు. సంచులు నా కూతురికి కాదు. నాలో ఏదో కుదుటపడింది, అది రాయాలి: ఇక నన్ను ఎవరూ వేలెత్తి చూపరని సంతోషించాను. మిగిలిన నిమిషాల్లో యంత్రం ఆపి అంకెలు కూడా చూద్దామా అనుకున్నాను. రేపటికి నాలుగు నిమిషాలైనా మిగల్చాలని మానుకున్నాను. అందరూ కళ్లతో చూసిన దానికి అంకె ఎందుకు అని కూడా అనుకున్నాను.

గవరమ్మే మాట్లాడింది.

"కనపడింది గదా, ఇంకా ఏటి సూత్తారు? సంచులన్నీ ఉప్పుమళ్లకి తోలండి. మా వాడ మగోళ్లంతా మోత్తారు." సింహాచలం వైపు తిరిగింది. "ఒరే సింహాచలం, పిల్లల్నీ ముసలోళ్లనీ మా వాడకి పంపెయ్. బడిగదిలో పడుకుంటారు. గంజి నే కాత్తాను."

"నీ రుణం తీర్చుకోలేనప్పా," అన్నాడతను, అక్కను పిలిచినట్టు. కళ్లు తుడుచుకున్నాడు.

గవరమ్మ వెళ్లబోతూ నా దగ్గర ఆగింది. "బావుందే బొమ్మ. సిన్నప్పుడు నాకు ఇట్టా సూపించుంటే నేనూ నేర్చుకుందును."

"తుపాను వెళ్లాక నేర్పుతాను," అన్నాను.

"బెత్తం లేకుండానా?"

"లేకుండా."

"అయితే వత్తాను," అని తల మీద గోనె కప్పుకొని వానలోకి వెళ్లింది.

సాయంత్రం ఐదింటికల్లా 2,840 సంచులూ ముప్పై ఆరో గొట్టం దగ్గర వేశారు. ఉప్పుమళ్ల నుంచి లాకువాడకు వెళ్లినవారు నూట ఆరుగురు.

అమావాస్య

పోటు 3.4. పొద్దున పది గంటల నలభై నిమిషాలకు కట్ట తెగింది. లాకువాడ వెనక.

మార్గశిర శుద్ధ తదియ

పోటు 2.6. గాలి తగ్గింది.

తెగిన పొడవు నూట పది మీటర్లు. ఆరో గొట్టం పోయింది, దానికి దక్షిణాన ఉన్న గొట్టాల తీగలూ తెగాయి. లాకువాడలో ఇళ్లు ఏవీ నిలవలేదు. బడిగది పునాది మాత్రం పాటుకు నీరు తీసినప్పుడు బయటపడుతోంది.

చనిపోయినవారు ఎనభై ఎనిమిది మంది. లాకువాడవారు నలభై తొమ్మిది, ఉప్పుమళ్లవారు ముప్పై తొమ్మిది. ఆ ముప్పై తొమ్మిదిలో పిల్లలు ఇరవై ఆరుగురు. పేర్లు ఈ పుస్తకం చివర రెండు పుటల్లో రాశాను. వరుసలో పదిహేడోది గవరమ్మ.

మగవాళ్లు చాలామంది బతికారు. వాళ్లు ఉత్తరాన సంచుల కాపలాలో ఉన్నారు.

గవరమ్మను రెండో రోజు చూశాను. చేతిలో గంజి గరిటె ఉంది. నా పాత పుస్తకాలు ముప్పై మూడూ దాని అటక మీదే ఉండేవి, పంపుహౌసులో చెమ్మ ఎక్కువని. చదవటం రాకపోయినా ఏటా ఎండకు వేసి, వేపాకు పెట్టి దాచేది. అవి కూడా పోయాయి.

ఈ రోజు ఎండ వచ్చింది. తెరకు ఇరవై నిమిషాలు వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టాక యంత్రం తాను దాచుకున్న అంకెలు చూపించింది. చతుర్దశి ఉదయం ఎనిమిది గంటలకు: ఆరు, 171. ముప్పై ఆరు, 148.

రెండు నిమిషాలు ఆ రెండు అంకెలూ చూశాను. మిగిలిన వెలుగులో, నేను వదిలేసిన నాలుగు పుటలు తెరిచాను. ప్రాథమిక విషయాలు. రెండో పుట, మూడో వాక్యం: తెర మీద లెక్క పై అంచు నుంచి మొదలై కిందికి పెరుగుతుంది.

బడిలో గ్రాఫు కాగితం మీద మాకు అడుగు నుంచి పైకి లెక్కించటం నేర్పారు. నేనూ అలాగే గీశాను. ఒకటో నంబరు అడుగున ఉందనుకున్నాను. అది పైన ఉంది. బొమ్మ తలకిందులుగా ఉంది. ఆరును ముప్పై ఆరు అనుకున్నాం. మధ్య గడి ఒక్కటే ఎటు తిప్పినా మధ్యలోనే ఉంటుంది. నేను ఆ ఒక్క చోటే నీళ్లు పోయించాను.

మార్గశిర శుద్ధ అష్టమి

పోటు 2.0. ముప్పై ఆరు: 119. ఆరు లేదు.

ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చాను. గొట్టం నంబరును నలభై రెండులోంచి తీసివేయాలి. అంతే. నిమిషం పట్టింది. తరువాత నూకరత్నాన్ని సైకిల్ మీద నలభై ఒకటో గొట్టానికి పంపి నీళ్లు పోయించాను. పంపు గంట సేపు ఆగింది. పై గడి పసుపు అయింది.

సింహాచలాన్ని పిలిపించి అంతా చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. అతని మనవలు ఇద్దరు ఆ ఇరవై ఆరుగురిలో ఉన్నారు.

"ఇంకెవరికైనా సెప్పారా?" అన్నాడు.

"లేదు. నలుగురినీ పిలువు, చెబుతాను."

"వొద్దు."

"ఎందుకు?"

"మాఘమాసంలో మళ్లీ పెద్ద పోటుంది. అప్పుడు నేను మనుషుల్ని ఏది సూపించి లేపాలి? తెర తప్పు సెప్పిందంటే ఎవడు కదులుతాడు?"

"తెర తప్పు చెప్పలేదు. నేను తప్పు గీశాను."

"ఆళ్లకి రెండూ ఒకటేనండి." గోడ వైపు తిరిగాడు. "నాకూ మీకూ మద్దెనే ఉండనీండి. మీ మీద దయతో అంటం లేదు. మీ మొకం సూడాలని కూడా లేదు నాకు. కట్ట నిలబడాలి, అంతే."

"ఈ పుస్తకంలో మాత్రం రాస్తాను. రాసేశాను కూడా."

"రాసుకోండి. ఎవరు సదువుతారు?" అని వెళ్లిపోయాడు.

మార్గశిర బహుళ విదియ

పోటు 2.2. ముప్పై ఆరు: 116.

నూకరత్నం పదిహేను రోజులుగా నాతో పని మాటలే మాట్లాడుతోంది. అన్నం పెడుతుంది. నేను తిన్నానో లేదో చూస్తుంది. తల్లి చీర ఒకటి ముళ్లకంపలో దొరికితే తెచ్చి ఉతికి, పంపు పక్కన ఆరేసింది. తీయటం లేదు.

దానికి చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ పంపు నూనె సంగతి అడిగాను.

ఈ ఉదయం అదే వచ్చి నా ఎదుట కూర్చుంది. "అమ్మమ్మా, నాకు అచ్చరాలు నేర్పు."

"ఇప్పుడెందుకు?"

"ఆ రోజు నువ్వు బొమ్మ కాడ ఉన్నావు. ఇంకో మనిషి అంకెలు సదివే మనిషై ఉంటే బావుండును అనిపిత్తంది. ఎందుకో తెలీదు. అమ్మ నేర్చుకుంటానంది గదా, ఆవిడ బదులు నేను."

బెత్తం లేదు అన్నాను. తెలుసు అంది.

చదివించటానికి పుస్తకం కావాలి. ఉన్నది ఇదొక్కటే. నా తప్పు రాసి ఉన్న రెండు పుటలు చించి వేరే కుట్టవచ్చు, ఆ ఆలోచన వచ్చింది. ఆలోచన వచ్చిందని రాస్తున్నాను. పుటలు చించలేదు.

మాఘ శుద్ధ దశమి

పోటు 2.3. ముప్పై ఆరు: 121. బ్యాటరీ: 60 నిమిషాలు. కొత్త కట్ట దగ్గర ఆరో గొట్టం మళ్లీ దించారు: 96.

నూకరత్నానికి గుణింతాలు పుష్యమాసం సగానికి వచ్చాయి. వత్తులకు ఇంకో పది రోజులు. సంక్రాంతి తరువాత నుంచి ఈ పుస్తకం మొదటి పుట పట్టుకుంది. రోజుకు ఏడెనిమిది వాక్యాలు. తన పేరు మొదటిసారి కనిపించినప్పుడు పైకి మూడుసార్లు చదివింది. 'అక్షరం రాదు' దగ్గర, "ఇది కొట్టెయ్, ఇప్పుడొచ్చు," అని గొడవ చేసింది. రాసినది కొట్టివేయకూడదని చెప్పాను. పక్కన తేదీ వేసి 'ఇప్పుడు వచ్చు' అని తన చేతనే రాయించాను. వంకర అక్షరాలు, తప్పులు లేవు.

గోనెగుడ్డ మాట దగ్గర నవ్వింది. రెండున్నర నెలల తరువాత దాని నవ్వు విన్నాను. తల్లి మాటలు వచ్చినప్పుడు గొంతు తల్లిదే అయిపోతుంది. తెలిసి చేస్తుందో తెలియక చేస్తుందో అడగలేదు.

ఈ రోజు ఏకాదశి పుటకు వచ్చింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

"మధ్య... గొట్టంలో... రెండు బిందెల నీళ్లు... పోయించాను. తెర మీద... మధ్య గడి... పసుపు అయింది. సరి... పోయింది."

తల ఎత్తి, "నేనే గదా పోసాను! నా సంగతే రాసావు," అంది.

"అవును."

మళ్లీ పుటలోకి చూసింది. వేలు పై వాక్యానికి వెనక్కి వెళ్లింది. తను అన్న మాట, నేను వద్దన్న మాట, రెండూ అక్కడే ఉన్నాయి. పెదవులు కదుపుతూ లోలోపల చదువుకుంది. ఈసారి కూడబలుక్కోలేదు.

"నేను సివరికెల్లి ఒకటో గొట్టంలో పోత్తానన్నాను. నువ్వు వద్దన్నావు."

"అన్నాను."

"అక్కడ పోసుంటే ఏ గడి పసుపయ్యేది, అమ్మమ్మా?"

దాని వేలు ఇంకా ఆ వాక్యం మీదే ఉంది. గోరు కింద పంపు నూనె నల్లగా ఉంది. జవాబు మూడు పుటల అవతల నా దస్తూరీలో ఉంది, తేదీతో సహా. నోటితో చెబితే మళ్లీ నా మాటే నమ్మాలి. ఇక అక్కర లేదు, దానికి చదవటం వచ్చు.

తెరకు ఇంకా అరవై నిమిషాలు ఉన్నాయి, కానీ ఈ పనికి తెర వద్దు. కిటికీ రెక్క పూర్తిగా తెరిచాను. పుస్తకాన్ని వెలుగులోకి జరిపి, తరువాతి పంక్తి మీద దాని వేలు పెట్టి, చదువు, అన్నాను.